మూగబోయిన ఫోన్ ఆత్మకథ

లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చికి వచ్చేవాళ్లు క్రిస్టఫర్ రెన్ కట్టిన గోపురాన్ని తల పైకెత్తి చూసి, పోతూపోతూ గాజుపెట్టెలో ఉన్న నాకేసి ఓ చూపు విసురుతారు. నన్నెవరు తయారుచేశారన్నది వదిలేయండి. 1953లో చాడ్ వారా అనే మతగురువు నా డయల్ మీది దుమ్ము తుడిచారు. నెలసరి మొదలైతే సుఖవ్యాధి అనుకుని హడలిపోయి ప్రాణం తీసుకున్న ఓ చిన్నపిల్లకు 1935లో అంత్యక్రియలు జరిపించింది ఆయనే. అడిగి తెలుసుకుందామంటే ఆ పిల్లకు ఒక్కరూ లేకపోయారు. ఆ బాధే ఆయన్ని నా దాకా తెచ్చింది. నవంబరు 2న నేను మోగాను. ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ల గోడు వినే సమారిటన్స్ సంస్థ పుట్టింది.

పేరు ఆయనకొచ్చింది గానీ, పని చేసిందెవరో నాకు తెలుసు. ఆయన కోసం వేచి ఉన్నవాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టడానికి కొందరు మామూలు మనుషులు చేరారు. ఆ టీ తాగుతూ గోడు వెళ్లబోసుకున్నవాళ్లలో చాలామందికి ఇక ఆయనతో పనిలేకపోయింది. అది గమనించి, 1954 ఫిబ్రవరిలో వినే పనంతా ఆయన వాళ్లకే అప్పగించారు. వినడానికి డిగ్రీ అక్కర్లేదని నేననేది అందుకే. 1970లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో నైట్‌లైన్ మొదలైంది: రాత్రిపూట విద్యార్థి గోడు విద్యార్థే వింటాడు. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో, హాస్టల్ గదిలో ఆదివారం ఎంత పొడవో వాడికి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇరవై ఏళ్ల పిల్లలకేం తెలుసంటారు. సలహాలు చెప్పాల్సి వస్తే ఆ మాట నిజమే. నైట్‌లైన్‌లో సలహాలు చెప్పరు, తప్పొప్పులు ఎంచరు, పేరు చెప్పమని పట్టుబట్టరు. వైద్యం అసలే చేయరు. జబ్బుకు డాక్టరే కావాలి. విన్న పిల్లల మనసు చెదరదా అన్నది బరువైన ప్రశ్న. చెదురుతుంది, ఫోన్ పెట్టేశాక వాళ్ల గోడు వినే పెద్దదిక్కు లేకపోతే. అందుకే శిక్షణ ఇవ్వకుండా, పక్కన తోడు లేకుండా పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టే కాలేజీని నేను క్షమించను.

నా మీద ఇప్పుడు దుమ్ము పడదు, వేలూ పడదు. దానికి కాదు నా ఉక్రోషం. నా ఫోటో తీసుకుని మెచ్చుకునేవాళ్లలో రాత్రి షిఫ్టుకు వస్తామనేవాళ్లు ఎందరు? మీ కాలేజీలో అలాంటి బృందం పెట్టాలనుకుంటే ముందు శిక్షణ ఇచ్చేవాళ్లను వెతకండి, పోస్టర్ తర్వాత అంటించవచ్చు. ఈలోగా గుండె బరువెక్కిన ఏ రాత్రయినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.