ఒక్క పిక్సెల్ బతుకు

నా పొడవు ఒక పిక్సెల్, వెడల్పు ఒక పిక్సెల్. రంగు లేదు. బరువు 43 బైట్లు. వెబ్ పేజీల్లో ఖాళీ చోటు నింపే బొమ్మను. వెబ్ డిజైనర్లు నన్ను స్పేసర్ జిఫ్ అన్నారు. 1996లో వెబ్ డిజైన్ మీద డేవిడ్ సీగెల్ పుస్తకం వచ్చాక నా వాడకం ఊరూరా పాకింది.

అంతకుముందు వెబ్ పేజీకి ఇంత వెడల్పని లేదు. 1991లో సెర్న్ పరిశోధన సంస్థ నుంచి టిమ్ బెర్నర్స్-లీ అందరికీ అందుబాటులోకి తెచ్చిన తొలి వెబ్ పేజీ, బ్రౌజర్ కిటికీ ఎంత ఉంటే అంత మేరా పరుచుకునేది. అచ్చు పని చేసి వచ్చిన డిజైనర్లకు అది మింగుడుపడలేదు. కాగితం మీద గీసిన గీత కదలదు కదా, తెర మీదా కదలకూడదన్నారు. పేజీని టేబుల్ గళ్లుగా కోసి, గడి కుంచించుకుపోకుండా అందులో నన్ను పెట్టి, వెడల్పు 150 అని రాసేవారు. నేను సాగేదాన్ని, గడి నిలబడేది. 800 పిక్సెళ్ల తెరలకు 760, 1024 తెరలకు 960 అంటూ కొలతలు మారాయి. 960 అంటే మరీ మోజు. 12 నిలువు వరుసలుగా, 16 నిలువు వరుసలుగా శేషం లేకుండా విడిపోతుంది.

వాళ్ల వాదనలో నిజముంది. వెడల్పాటి తెర మీద వాక్యం ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తితే, తర్వాతి పంక్తి మొదలు కంటికి దొరకదు. కానీ చూపు మందగించినవారు అక్షరాలు పెంచుకుంటే, నేను పట్టి ఉంచిన గడి వెడల్పు మాత్రం వాటికి తగ్గట్టు పెరిగేది కాదు. తెలుగులో ఇది ఇంకా కష్టం. సంధులతో, ప్రత్యయాలతో సాగిన ఒక్క మాటే గడిని సాగదీసి పక్క వరుసను నెట్టేసేది. చూపు లేనివారికి తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, బొమ్మకు బదులు చదవాల్సిన ఆల్ట్ మాటలు రాయకపోతే, నా ఫైలు పేరునే మళ్లీ మళ్లీ పలికేది.

వెబ్ కాగితం కాదని, ఒదిగిపోవడమే దాని బలమని 2000లోనే వెబ్ డెవలపర్ జాన్ ఆల్సప్ రాశారు. చాలామందికి అది 2007లో ఐఫోన్ వచ్చాకే తలకెక్కింది. 980 పిక్సెళ్ల పేజీ 320 పిక్సెళ్ల తెరలో ఇరుక్కుని చీమల బారులా కనిపించింది. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ దారి చూపారు: శాతాల్లో నిలువు వరుసలు, చోటును బట్టి తగ్గే బొమ్మలు, పేజీ రూపం చెప్పే సిఎస్ఎస్ భాషలో తెరను బట్టి మారే నియమాలు. అప్పటికే సిఎస్ఎస్ నా పని చాలావరకు తీసేసుకుంది. పంక్తి మరీ సాగకుండా మాక్స్-విడ్త్ అనే హద్దు ఒక్కటి చాలు. హద్దు లోపల వెడల్పు ఎంతన్నది చదివేవారి హక్కు.

ఇప్పటికీ కొన్ని మెయిల్ సాఫ్ట్‌వేర్లకు టేబుళ్లే గతి. 600 పిక్సెళ్ల ఉత్తరాల్లో నాకింకా పని దొరుకుతోంది. అక్కడా 600ను గరిష్ఠ హద్దుగా మాత్రమే పెట్టి, మిగతాది ఫోనుకు వదిలేసేవాళ్లున్నారు. వాళ్లకు నాతో పని పడదు. నాకది సంతోషమే.