తువ్వాలు వేసిన సీటు

ఆర్టీసీ రూలు పుస్తకంలో నా ఊసు ఉండదు. అయినా బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీద ఆగకముందే కిటికీలోంచి నన్ను లోపలికి విసిరితే, నేను పడిన సీటు నాదే. తోసుకుంటూ ఎక్కిన జనం నన్ను చూసి, "ఇక్కడెవరో వేశారు" అని వెనక్కి పోతారు. పోలీసు లేడు, జరిమానా లేదు. ఒక గుడ్డముక్కకి ఇంత మర్యాద మరెక్కడైనా దొరుకుతుందా అని నాకు అనుమానం.

నేను గళ్ళ తువ్వాల్ని. చీరాల దగ్గర మగ్గం మీద పుట్టాను. నన్ను కొన్నది జాకెట్లు కుట్టే ఆవిడ. వీధంతా మిషనమ్మ అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆమె స్నేహితురాలు పంతులమ్మ, ఈమధ్యే రిటైరయింది. చిన్నప్పుడు ఒకే బెంచీ. పదో తరగతి తరవాత ఒకరు కాలేజీకి, ఒకరు కుట్టుమిషను ముందుకి. ప్రయాణాలు చేయలేదని కాదు. ఒకరు ఎలక్షన్ డ్యూటీలకి పోయారు, ఒకరు పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ పోయారు. ఇద్దరూ కలిసి, ఊరికే, ఊళ్ళు చూడ్డానికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రాలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇస్తాడు. సూపర్ లగ్జరీలో చెల్లదు. అంటే రాత్రి ఎక్కి పడుకుని తెల్లారి దిగే దర్జా లేదు. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, దిగాలి, ఇంకోటి పట్టాలి. దిగినచోటల్లా సీటు కోసం కుస్తీ. నాకు చేతినిండా పని.

"డబ్బులడిగితే ఎందుకూ, ఏమిటీ అంటారే. ఇప్పుడు అడిగే పనే లేదుగా. వెళ్తున్నానని చెప్పి వచ్చేశా" అంది మిషనమ్మ, ఒంగోలు బస్సులో. ఆ మాట అన్నప్పుడు ఆమె నన్ను వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఎదుటి సీటాయన మాకు వినిపించేలాగే గొణిగాడు, ఉచితం అనేసరికి ఊరికే తిరుగుతున్నారని. పంతులమ్మ కళ్ళజోడు సర్దుకుని, "అవునండీ, తిరగడానికే బయల్దేరాం" అంది. ఆయన కిటికీలోంచి పొలాలు చూడ్డం మొదలుపెట్టాడు.

విసరడంలో మిషనమ్మది అందెవేసిన చెయ్యి. పొడిగా, వదులుగా ఉంటే నేను గాల్లోనే విచ్చుకుని సీటు కిందకి పోతాను. అందుకని నాలుగు మడతలు పెట్టి, ఓ కొస కుళాయి కింద తడిపి బరువు చేసి, బస్సు పక్కనే రెండడుగులు పరిగెత్తి మణికట్టుతో వదుల్తుంది. పంతులమ్మకిది సుతరామూ గిట్టదు. "ముప్పయ్యేళ్ళు పిల్లలకి క్యూలో నిలబడ్డం నేర్పి, ఇప్పుడు గుడ్డ విసిరి సీటు కాజేయాలా?" అని నెల్లూరు బస్టాండులో పోట్లాడింది. పోట్లాడుతూనే నేను పట్టిన సీట్లో కూర్చుంది.

తిరుపతి గురించి కొత్తగా చెప్పేదేముంది! రెండో ఘాట్ రోడ్డులో కొండెక్కాం, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో దిగాం. తలనీలాలు ఇచ్చిన మిషనమ్మ గుండుకి ఎండ తగలకుండా చుట్టుకుని ఉండటం వల్ల నేనేమీ సరిగా చూడలేదు.

కడపలో కిటికీ అద్దం సగం వేసి ఉంది. నేను అద్దానికి తగిలి ప్లాట్‌ఫాం మీద పడ్డాను. దాంతో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరకలేదు. పంతులమ్మ డ్రైవరు వెనక, మిషనమ్మ ఆఖరి వరసలో. కబుర్లు ఆగితేనా! మైదుకూరు దాటాక శనక్కాయల పొట్లం చేతులు మారుతూ ముందుకి పోయింది. వెంట కబురూ పోయింది: "ఎనక ఆయక్క మజ్జిగ తాగుతావా అని అడగమన్నాది." ముందు నించి జవాబు వచ్చింది: "ఆళ్ళగడ్డలో తాగుతాదంట." నంద్యాల చేరేసరికి బస్సు మొత్తానికి మిషనమ్మ కోడలికి ఎన్నో నెలో తెలిసిపోయింది.

ఆ ఎడబాటు పంతులమ్మ మనసులో ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. కర్నూల్లో కొండారెడ్డి బురుజు చూసి, ఉగ్గాని బజ్జీ తిని బస్టాండుకి వచ్చాక, "ఇలా ఇయ్యవే" అని నన్ను లాక్కుంది. శ్రీశైలం ప్లాట్‌ఫాం వైపు ఓ బస్సు వచ్చింది. బోర్డు చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో ఎత్తిపట్టి పరిగెత్తి విసిరింది. గురి భేష్. సరిగ్గా మూడు సీట్ల బెంచీ మధ్యలో పడ్డాను. పడ్డాను గానీ, బస్సు ఆగలేదు. లోపల ఒక్క మనిషీ లేడు. వెనక నించి ఇద్దరి కేకలూ వినిపిస్తున్నాయి. గేటు దగ్గర డ్రైవరు నెమ్మదించి తల బయటపెట్టాడు. "యాడికమ్మా ఉరుకుతాండారు? ఇది డిపోకు పోతాండాది!" నన్ను తీసి కిటికీలోంచి అందించాడు. మిషనమ్మ అక్కడే, నేల మీద కూలబడి నవ్వింది. పంతులమ్మ చాలాసేపు గంభీరంగా నిలబడింది. "డిపోలో సీటు మాత్రం నీకు ఖాయం చేశా కదే" అన్నాక తనూ ఆగలేకపోయింది.

ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమల. ఈ దారి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. వెదురు పొదలు, రోడ్డు గట్టు మీద బారుగా కూర్చుని బస్సుల్ని లెక్కబెట్టే కోతులు, పులుల అడవి అని హెచ్చరించే బోర్డులు. రాత్రిపూట ఈ రోడ్డు మూసేస్తారు కాబట్టి పొద్దుండగానే దాటాలి. మలుపులు మొదలయ్యాక మిషనమ్మకి కడుపులో తిప్పింది. పంతులమ్మ నన్ను నీళ్ళలో తడిపి ఆమె నుదుటికి కట్టి, నిమ్మకాయ వాసన చూపిస్తూ, మనసు మళ్ళించడానికి నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రవాణా శాఖ దగ్గర్నుంచి, 1999లో ఏపీఎస్‌ఆర్టీసీ గిన్నిస్ పుస్తకానికి ఎక్కడం దాకా పాఠం చెప్పింది. "ఊరుకోవే, ఇంకా తిప్పుతోంది" అంది మిషనమ్మ. ఊరుకుంది గానీ భుజం మాత్రం తీయలేదు.

శ్రీశైలం నుంచి తిరుగుదారిలో మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట నిద్రలో గడిచాయి.

గుంటూరులో చీరాల బస్సు. ఈసారి పంతులమ్మ బోర్డు చదివి, రెండోసారి చదివి, అప్పుడు విసిరింది. మేం ఎక్కేసరికి ఒక పెద్దమనిషి నా అంచు మీద బ్యాగు పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఒక తువ్వాలుకి ఒక సీటేనమ్మా."

"పొడవు చూడండి. రెండు సీట్లూ కప్పిందా, లేదా?"

"కప్పింది."

"మరి మీ బ్యాగు తీయండి."

తీశాడు. మూడో సీట్లో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. పొన్నూరు దాటాక ఉండబట్టలేక అడిగాడు, మీరేం చెప్పేవారమ్మా అని.

"లెక్కలండీ" అంది పంతులమ్మ.