మా పిల్లల బండి తాళాలు వదిలేయండి: మద్యం గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మద్యం గారికి,

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తమరు క్షేమంగా ఉన్నారని ప్రతి సాయంత్రం వైన్స్ ముందు ఆగే బైకుల వరుసలే చెబుతున్నాయి. మా క్షేమ సమాచారం మీకు ఎవరూ రాసినట్టు లేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ పట్ల మర్యాదలో మేమేమీ లోటు చేయలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరు ఊరూరా పాకి, 1995 జనవరిలో మిమ్మల్ని ఉమ్మడి రాష్ట్రమంతటా నిషేధించేదాకా వచ్చింది. రెండేళ్లు దాటాయో లేదో, 1997లో మళ్లీ మేమే తలుపు తీసి పిలిచాం. లైసెన్సులిచ్చాం. లాటరీ తీసి దుకాణాలు పంచాం. హైవేలకు 500 మీటర్ల దూరంలో ఉండాలని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు అంటే, చిన్న ఊళ్లలో ఆ దూరం 220 మీటర్లకు తగ్గింది, ఆ తర్వాత పట్టణాలకు మినహాయింపే దొరికింది. ఉద్యోగం వచ్చిన రోజు, పోయిన రోజు, పెళ్లి బరాత్, పుట్టినరోజు దావత్, అన్నిటా మొదటి పీట మీదే.

ఇంత చేసి మేము కోరింది, తాగినవాడు ఇల్లు చేరాలని. ఆ ఒక్కటీ మీరు నిలబెట్టుకోలేదు.

నా మొదటి ఫిర్యాదు, కుర్రవాళ్లలో మీరు ముందుగా దేన్ని పట్టుకుంటారన్నది. కాళ్లు తడబడితే పక్కవాళ్లు గమనిస్తారు, తాళం లాక్కుంటారు. మీరు అంతదాకా ఆగరు. మొదటి పెగ్గుకే, 'ఇప్పుడు బండి తీయొచ్చా' అని తేల్చుకోవలసిన బుద్ధిని నిద్రపుచ్చుతారు. ఆ తర్వాత వాడు తన గురించి తాను ఏం చెప్పినా నమ్మడానికి లేదు, వాడు మాత్రం ఖాయంగా నమ్ముతాడు. 'నాకేం కాలేదు, రెండు బీర్లేగా' అన్నప్పుడు వాడు అబద్ధమాడటం లేదు. అబద్ధం మీది. ముందు వెనుకలు ఆలోచించే మెదడు భాగం ఇరవైలు సగం గడిస్తే గానీ పూర్తిగా ఎదగదు. రోడ్డు అనుభవం చూస్తే అదీ అంతంతమాత్రం. అసలే కొద్దిగా ఉన్న నిగ్రహంలోంచి మీరు తీసుకుపోతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 100 మిల్లీలీటర్ల రక్తంలో మిమ్మల్ని 50 మిల్లీగ్రాముల దగ్గర ఆపమని పెద్దవాళ్లకు చెప్పి, కుర్రవాళ్లకూ కొత్తగా బండి పట్టినవాళ్లకూ 20 దగ్గరే ఆపమన్నది ఇందుకే. మన చట్టం వయసు చూడకుండా అందరికీ 30 అని ఒకే గీత గీసింది. దాని లోపల ఉంటే భయం లేదని మీరు మా పిల్లలకు నూరిపోశారు. పద్దెనిమిదేళ్లవాడికి 29 కూడా ప్రమాదమే.

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటంలో మీరు అర సెకను ఆలస్యం చేస్తే ఎనిమిది మీటర్లు దాటిపోయినట్టే. ఆ ఎనిమిది మీటర్లలోనే రోడ్డు దాటుతున్న ముసలాయన ఉంటాడు, సందులోంచి మలుపు తిరిగే ఆటో ఉంటుంది. ఎదురు లారీ లైటు పడ్డాక కళ్లు తేరుకోవడానికీ మీవల్ల మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంది.

పైగా ఒకసారి వచ్చాక తొందరగా వెళ్లరు. కాలేయం గంటకు సుమారు పది గ్రాముల ఆల్కహాలును మాత్రమే కరిగించగలదు. దాన్ని తొందరపెట్టడం ఎవరివల్లా కాదు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం, చిక్కటి కాఫీ, ఏదీ పనిచేయదు. రాత్రి రెండింటిదాకా మీతో కూర్చుని, ఉదయం ఏడింటికి తలస్నానం చేసి కాలేజీకి బయల్దేరిన పిల్లవాడి రక్తంలో మీరింకా ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు టిఫిన్ పెట్టి మరీ పంపిస్తారు.

మీతో ఏ పరిచయమూ లేనివాళ్ల సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక యువకుడు మిమ్మల్ని పుచ్చుకుని బైకు నడిపి, డివైడర్‌కు గుద్దుకుని చనిపోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు వచ్చింది. బైకు బస్సు కింద ఇరుక్కుని మంటలు లేచాయి. నిద్రలో ఉన్న ప్రయాణికుల్లో 19 మంది కాలిపోయారు. బస్సు వైపు లోపాలు ఉంటే ఉండనీండి, వాటి లెక్క వాటిదే. నేనడిగేది ఆ బైకు ఆ రాత్రి ఆ రోడ్డెక్కిన సంగతి. ఆ బస్సెక్కినవాళ్లు మీకేం బాకీ?

పట్టుబడితే చట్టం ఉందంటారు. ఉంది. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఏ సర్కిల్లో చెకింగ్ ఉందో ఫోన్లలో చెప్పుకుని సందుల్లోంచి తప్పించుకుపోవడం కూడా మీతో కూర్చున్న బల్ల దగ్గరే మా పిల్లలు నేర్చుకున్నారు. దొరికినవాడిని తల్లిదండ్రులతో కౌన్సెలింగ్‌కు రమ్మంటారు. అక్కడ తల దించుకుని కూర్చునేది ఆ తండ్రి. మీరు ఆ సమయానికి ఇంకో కుర్రాడి గ్లాసులో ఉంటారు.

మీకు చోటిచ్చినవాళ్ల మీద కూడా నాకు కోపముంది. పర్మిట్ రూములో బల్లలున్నాయి, స్టఫ్ ఉంది, ఇంటికి చేర్చే ఏర్పాటు లేదు. ఊరి బయటి దాబా దగ్గర రాత్రి పదకొండు తర్వాత బస్సు ఆగదు. తాగినవాడు వచ్చిన బండి మీదే తిరిగి వెళ్తాడని అమ్మినవాడికి తెలుసు, లైసెన్సు ఇచ్చినవాళ్లకు తెలుసు, వాకిట్లో ఆ బండ్లను వరుసగా పెట్టించే కుర్రాడికీ తెలుసు. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదన్నది నియమం. మా కాలేజీ దారిలోని కౌంటరులో ఎవరి వయసూ అడగగా నేను చూడలేదు.

ఈ లేఖ నకలు గంజాయికీ పంపుతున్నాను. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి హాస్టల్ గదులదాకా అదీ మీ దారే పట్టింది. బ్రీత్ అనలైజర్‌లో ఊదితే బయటపడదని దాని మీద మా పిల్లలకు పెద్ద భరోసా. గంజాయి కాలాన్ని సాగదీసి చూపిస్తుంది, బండిని ఒక గీతలో పోనివ్వదు. మీరిద్దరూ ఒకే రాత్రి ఒకే ఒంట్లో కలిస్తే, విడివిడిగా చేసేదానికంటే ఎక్కువ చెరుపు చేస్తారు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మిమ్మల్నే కాదు, మత్తు పదార్థాలన్నిటినీ పట్టుకుంటుందని దానికి తెలియజేయగలరు.

మీ జవాబు కోసం ఎదురుచూడను. మా వీధిలో పిల్లలందరికీ నా నంబరు ఇచ్చాను. ఏ రాత్రయినా, ఎంత పొద్దుపోయినా, బండి అక్కడే వదిలేసి ఫోన్ చేస్తే నేనో మావారో వచ్చి తీసుకొస్తామని చెప్పాం. ఎందుకు తాగావని ఆ రాత్రి అడగం, మందలింపులన్నీ మర్నాడే. మా కాలేజీలోనూ తల్లిదండ్రుల సమావేశంలో ఇదే మాట అడగబోతున్నాను. పిల్లలు భయం లేకుండా ఫోన్ చేయగల పెద్దవాళ్లు ఒక్కో వీధికి ఎందరున్నారో రాసుకుంటాం. మీకు ముందుగా తెలియజేయడం మర్యాద కనుక రాస్తున్నాను.

ఇట్లు,
ఒక కాలేజీ అధ్యాపకురాలు