డబ్బోపాఖ్యానము: టీకాతాత్పర్య సహితము

అవతారిక

తాండూరు పోయే ప్యాసింజరు వికారాబాదు దాటి, గోదంగూర దాటి, ధారూరులో ఆగుతుంది. 1874లో నిజాం వారి రైల్వే వాడి జంక్షను నుంచి సికిందరాబాదుకు పట్టాలు పరిచింది ఈ దారినే. ఏటా నవంబరులో ఇక్కడ మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగుతుంది. నూరేళ్లు దాటిన జాతర అది. జనం చెట్ల కింద గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉంటారు. జాతరన్నాక గాజుల దుకాణం, మిఠాయి కొట్టుతో పాటు పటాలు తీసేవాడు కూడా ఉండాలి కదా! పటాలు తీసేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే కెమెరాల మీద శాస్త్రచర్చ తప్పదు. కింది మూలం అట్లాంటి చర్చలో పుట్టింది. కర్త తన పేరు అచ్చులో పడవద్దన్నాడు కనుక ఆయన్ను మూలకర్త అనే అంటాము.

కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరిది మెదకు జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి షరతును శాయశక్తులా పాటిస్తాడు. రెండోదానికి పాఠకులు మినహాయింపు ఇవ్వాలి.

మూలము

"మంచిగ పనిజేసే డబ్బను ఒద్దన్నరు, మంచిగ కనవడే డబ్బను ఎత్తుకున్నరు. అద్దంల రెండు బొమ్మలు ఒక్కటైతె సాలదా సేటూ, మొకంతోని నీకేం పని?"

ఛందస్సు

గణాలు కట్టి చూస్తే ఏ వృత్తంలోనూ ఇమడలేదు. యతి "సేటూ" దగ్గర పడింది. అక్కడ మూలకర్త చాయ్ గుక్క తాగాడు.

ప్రతిపదార్థము

మంచిగ పనిజేసే = కొలత తప్పని, వెలుతురును తానే లెక్కగట్టు; డబ్బను = కెమెరాను, అనగా 1971లో జర్మనీ దేశపు లైట్జ్ కంపెనీ విడుదల చేసిన లైకా ఎం5 అను యంత్రమును; ఒద్దన్నరు = చేత పట్టి, తిప్పి చూచి, బల్లపైనే విడిచిరి; మంచిగ కనవడే డబ్బను = 1954 నాటి ఎం3 మొదలుకొని ఆ పోలిక గల యంత్రములను; ఎత్తుకున్నరు = బేరమాడక కొనిరి; అద్దంల = చూపుకిటికీయందు; రెండు బొమ్మలు = ఒకే వస్తువు యొక్క రెండు ప్రతిబింబములు; ఒక్కటైతె = ఏకీభవించినచో; సాలదా = చాలదా; సేటూ = ఓ ధనవంతుడా; మొకంతోని = పై రూపముతో; నీకేం పని = నీకు ప్రయోజనమేమి?

ఎం5 పేరు మూలంలో లేదే అని శిష్యుడు అడగవచ్చు. పనిని పొగిడి, మొహం చూసి వదిలేసిన డబ్బా అంటే కెమెరాలు ఎరిగినవారికి వేరొకటి తట్టదు.

టీక

"అద్దంల రెండు బొమ్మలు": ఇది రేంజ్‌ఫైండర్ అనే ఉపాయం. దీనికి ముందు సంగతి కొంత చెప్పాలి. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో కెమెరా అంటే కొయ్యపెట్టె. నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని, వెనక గరుకుటద్దం మీద తలకిందులుగా పడ్డ నవాబును చూసి ఫోకసు సరిచేయాలి. నవాబు కదలకూడదు. గుర్రం అసలే కదలకూడదు. చేత పట్టుకుని తిరిగే చిన్న కెమెరా వచ్చాక నల్లగుడ్డకూ గరుకుటద్దానికీ చోటు లేకపోయింది. మరి ఎదుటి మనిషి ఎంత దూరాన ఉన్నాడో కెమెరాకు తెలిసేదెట్లా?

దాని జవాబే ఈ రెండు బొమ్మలు. కెమెరా నెత్తిన పక్కపక్కన రెండు కిటికీలుంటాయి. ఎం3లో ఆ రెంటి నడుమ ఎడం 68.5 మిల్లీమీటర్లు. మొదటి కిటికీలోంచి మనం నేరుగా చూస్తాం. రెండో కిటికీలోంచి వచ్చిన బొమ్మను లోపలి అద్దాలు మళ్లించి, మొదటి బొమ్మ నడుమ చిన్న చదరంలో పరుస్తాయి. లెన్సు తిప్పితే లోపల ఒక చిన్న చక్రం కదులుతుంది. దాంతో రెండో బొమ్మ పక్కకు జరుగుతుంది. జాతరలో ముక్కుపుడక పెట్టుకున్న ఒక అవ్వను చూశామనుకోండి. మొదట ముక్కుకు రెండు పుడకలు కనబడతాయి. లెన్సు మెల్లగా తిప్పుతుంటే ఒకటి వచ్చి రెండోదాని మీద వాలుతుంది. పుడక ఒక్కటైన క్షణాన మీట నొక్కాలి. వైయాకరణులు దీన్ని ఏకాదేశం అంటారు. మూలకర్త "అతికింది" అంటాడు.

1925లో అమ్మకానికి వచ్చిన తొలి లైకాలో ఈ ఉపాయం లేదు. దూరం కొలిచే పరికరం విడిగా నెత్తిన తగిలించుకునేవారు. 1932లో లైకా దాన్ని లోపలికి తెచ్చి లెన్సుతో ముడివేసింది. అదే ఏడు జైస్ వారి కాంటాక్స్ కూడా ఆ పని చేసింది. 1936 నాటికి కాంటాక్స్ చూపుకిటికీని, కొలతకిటికీని ఒక్కటి చేసేసింది. లైకాకు ఆ తెలివి పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా, ఎం3తో వచ్చింది. ముందు వచ్చినవాడికి ఏం మిగిలిందంటారా? యుద్ధం తర్వాత కాంటాక్స్ అచ్చులను సోవియట్లు కీవ్‌కు పట్టుకుపోయారు. ఆ కథ ఇక్కడ అప్రస్తుతం గాని, ముందు నడిచినవాడికే బజారు దక్కుతుందనుకునేవారు గుర్తుపెట్టుకోవచ్చు.

"మంచిగ కనవడే": ఎం3 సంగతి. అంచులన్నీ గుండ్రం. ఎక్కడా అక్కరలేని గీత లేదు. చేతిలో పెట్టుకుంటే వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అంత అందాన్ని గొప్ప ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాఁ ఏం చేశాడు? తన లైకాల మీద మెరిసే భాగాలకు నల్లపట్టీ అంటించాడు! 1948 జనవరి 30న, హత్యకు కాస్త ముందు, గాంధీని కలిసి వచ్చినవాడు ఈయనే. కెమెరా ఎవరి కంటా పడకుండా ఉంటే చాలన్నది ఆయన లెక్క. ఆయన వాడాడనే పేరుతో జనం కొన్నది మాత్రం మెరిసేదాన్ని.

"ఒద్దన్నరు": ఇక్కడ కొంచెం నిలవాలి. లెన్సులోంచి వచ్చిన వెలుతురును లోపలే కొలిచే మీటరు లైకా రేంజ్‌ఫైండర్లలో మొదట పెట్టింది ఎం5లోనే. దాన్ని ఎట్లా పెట్టారో చూస్తే ఇంజనీరుకు దండం పెట్టాలనిపిస్తుంది. లెన్సు వెనక, తెర (షట్టరు) ముందు, చిన్న చెయ్యి ఒకటి నిలబడి ఉంటుంది. దాని కొసన వెలుతురు కొలిచే బిళ్ల. మీట నొక్కగానే తెర తెరుచుకునేలోపు ఆ చెయ్యి తప్పుకుంటుంది. తెర వేగం ఎంతో చూపుకిటికీలోనే కనబడుతుంది. వేగం మార్చే చక్రాన్ని ముందంచు దాటి బయటికి వచ్చేలా అమర్చారు. కన్ను తీయకుండా ఒక్క వేలితో తిప్పుకోవచ్చు. ఇన్ని సదుపాయాలకు లోపల చోటు కావాలి. అందుకని పెట్టె పొడుగూ పెరిగింది, ఎత్తూ పెరిగింది, మూలలు తేలాయి. పట్టీ కొక్కేలు రెండూ ఒకే పక్కకు పెట్టారు. మెడలో వేసుకుంటే నిలువునా వేలాడుతుంది. ఎం3ని ఎరిగిన చేతికి ఇది తాండూరు బండ ఎత్తినట్టుంది.

దాదాపు 34 వేలు అమ్మి, 1975లో ఆపేశారు.

అంతలో 1973లో అదే లైట్జ్ రూపకల్పన చేసి, జపానులో మినోల్టా చేత తయారు చేయించిన చిన్న సీఎల్ వచ్చింది. మీటరు చెయ్యి దీనికీ ఉంది. ఒళ్లు చిన్నది, ధర తక్కువ. ఇది 65 వేలు పోయింది. తమ్ముడు అన్న సంతకు అడ్డం వచ్చాడు. 1977లో కంపెనీ మెదలకుండా ఎం3 పోలికలోని పాత ఎం4 ఒంటికి తిరిగిపోయి, దాన్ని కెనడాలో ఎం4-2 పేరుతో చేసుకుంది. అందులో మీటరే లేదు. చేతిలో ఉన్న సౌకర్యాన్ని తీసేసి మొహాన్ని నిలబెట్టుకోవడం వ్యాపారచరిత్రలో తరచుగా జరిగేది కాదు.

పూర్వపక్షము

"ఎం5ని ఓడించింది దాని మొహం కాదు. 1959లో నైకాన్ ఎఫ్ వచ్చి, లెన్సులోంచే నేరుగా చూసే ఎస్సెల్లార్ల కాలం తెచ్చింది. ఆ వరదలో రేంజ్‌ఫైండర్ ఏదైనా కొట్టుకుపోయేదే" అని కొందరు వాదిస్తారు.

ఈ వాదంలో పస ఉంది, కాదనలేం. కానీ 1984లో ఎం6 వచ్చింది. ఎస్సెల్లార్లు అప్పటికి ఇంకా బలిశాయి. అయినా ఎం6 ఏళ్ల తరబడి అమ్ముడైంది. ఎం6 అంటే ఏమిటి? ఎం5 లోపలి పని, ఎం3 పై మొహం. ఈసారి చెయ్యి లేదు. తెర మీద తెల్లటి చుక్క పెట్టి, దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురును కొలిచారు. ఆ ఫిల్మ్ కెమెరానే 2022లో మళ్లీ తయారు చేసి అమ్మకానికి పెట్టారంటే ఆ మొహానికున్న గిరాకీ ఎంతో చూడండి. వరదే కారణమైతే ఎం6 కూడా మునగాలి.

"అయితే అందమే అమ్ముతుందన్నమాట" అని రెండో వాది లేస్తాడు. ఆయన ముందు అమెరికా వారి ఆర్గస్ సీ3ని పెడదాం. 1939లో పుట్టింది. నాలుగు మూలల పెట్టె. ముందువైపు పళ్లచక్రం బయటికే కనబడుతుంది. వాడేవాళ్లే దాన్ని "ఇటుక" అన్నారు. 1966 దాకా చేశారు, ఇరవై లక్షలకు పైగా అమ్మారు. ఎం3 కన్నా ఎన్నో రెట్లు.

సిద్ధాంతము

మొహం తీర్పు చెప్పేది డబ్బున్న చోటనే. రూపాయి లెక్కబెట్టుకుని కొనేవాడు ఫోటో వస్తే చాలనుకుంటాడు, వాడికి ఇటుక చాలు. పది కెమెరాల ధర పోసి ఒక్కటి కొనేవాడికి ఫోటో వస్తుందన్నది ముందే తెలుసు. వాడు కొనేది చేతిలో పట్టుకునే గౌరవం. ఎం5 ఆ రెండోవాడి దగ్గరికి మొదటివాడి మొహం వేసుకుని వెళ్లింది. అదొక్కటే దాని నేరం. మూలకర్త "మొకంతోని నీకేం పని" అన్నది సేటును. ఆ ప్రశ్న సేటుకే తగులుతుంది, జాతరకు వచ్చిన రైతుకు కాదు.

ఇంకో మాట. ఎం5 పనంతా దోషరహితమని వ్యాఖ్యాత అనడు. కొన్ని పాత లెన్సులను లోపలికి ముడిస్తే ఆ మీటరు చేతికి తగులుతాయి. అక్కడ పనిలోనే లోపముంది.

అలంకారములు

మూలంలో "మంచిగ" రెండుసార్లు వచ్చింది. పని దగ్గర ఒకసారి, రూపు దగ్గర ఒకసారి. దీపకమో యమకమో పండితులు తేల్చుకోవచ్చు. కెమెరాల్లో మాత్రం స్పష్టమైన అలంకారాలు రెండున్నాయి.

2004లో ఎప్సన్ కంపెనీ ఆర్-డీ1 అనే తొలి డిజిటల్ రేంజ్‌ఫైండర్ తెచ్చింది. దానికి ఫిల్మ్ ముందుకు జరిపే మీట ఉంది. ఫిల్మ్ లేదు! నెత్తిన గడియారంలా ముళ్లు కూడా తిరుగుతాయి. మీట వ్యర్థపదం అనడానికి వీల్లేదు, తెరను బిగించేది అదే. అయినా పని సాకుతో మొహానికి మిగిలిన నగ అది.

రెండోది భ్రాంతిమదలంకారం. 2011లో వచ్చిన ఫ్యూజీ ఎక్స్100ను చూసినవాళ్లంతా రేంజ్‌ఫైండర్ అనుకుంటారు. ఆ వాలకం, ఆ మూల కిటికీ, ఆ చక్రాలు అన్నీ అవే. లోపల రెండు బొమ్మలు మాత్రం లేవు. అయినా దాని కొత్త అవతారాల కోసం జనం నెలల తరబడి వరుసలో నిలబడ్డారు. మూలకర్త మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రేంజ్‌ఫైండర్ పనినంతా తీసేసి మొహం ఒక్కటే ఉంచినా ఎత్తుకున్నారు.

ధారూరు విశేషము

జాతరలో పటం తీయించుకునేవాళ్లు కెమెరా అందాన్ని పట్టించుకోరు, సైజును పట్టించుకుంటారు. డబ్బా చిన్నదైతే "గిది ఆడుకునేదా అన్నా?" అని అడుగుతారు. పెద్దదైతే పిల్లలను వరుసలో నిలబెట్టి, కొంగు సర్దుకుని, ఊపిరి బిగబడతారు. ఈ లెక్కన లైట్జ్ వారి ఊరు వెట్జ్లార్‌లో ఓడిన ఎం5 ధారూరులో గెలవాల్సింది. కానీ ఇక్కడి స్టూడియోలకు లైకాలు రాలేదు. ఇంటివాళ్ల చేతిలో ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది, దాంట్లో రేంజ్‌ఫైండరే లేదు. బొంబాయి నుంచో, అరబ్బు దేశాల నుంచో తెచ్చుకున్నవాళ్ల ఇళ్లలో యాషికా ఎలక్ట్రో 35 కనబడేది. 1966లో మొదలైన ఆ కెమెరా జనం కొనగలిగిన అసలు రేంజ్‌ఫైండర్. నెత్తిన రెండు చిన్న దీపాలుంటాయి. వెలుతురు ఎక్కువైతే ఎర్రది, తక్కువైతే పసుపుది వెలుగుతుంది. తక్కిన లెక్క అదే చూసుకుంటుంది.

పాఠకులకు విన్నపము

మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున అట్లాంటి యాషికా ఉంటే, మెరుపు పోయిందని పాత సామాన్లవాడికి వేయకండి. కిటికీలోంచి చూస్తూ లెన్సు తిప్పండి. నడుమ చదరంలో రెండు బొమ్మలు కదిలి ఒకదాని మీదికి ఒకటి వస్తున్నాయంటే కొలత బాగానే ఉంది. దానికి వేయాల్సిన పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. ఆరు వోల్టుల 4ఎల్ఆర్44 బ్యాటరీని చిన్న తొడుగుతో బిగిస్తే సరిపోతుంది. బ్యాటరీ లేకపోయినా మీట పడుతుంది. అప్పుడు తెర సెకనులో 500వ వంతు సేపు మాత్రమే తెరుచుకుంటుంది కనుక ఎండలో తీయండి.