బావగారి లేతూ, బావమరిది లెక్కలూ

మా బావకి బాలానగర్‌లో ఓ షెడ్డుంది. మూతపడిన ఓ కంపెనీ సామాను వేలం వేస్తుంటే వెళ్లి, పాత సీఎన్‌సీ లేతు ఒకటి ఇనుము ధరకి పాడుకొచ్చాడు. "బెడ్డు చూడు, గోరు పెట్టి గీసినా ఎక్కడా ఆనదు" అని మురిసిపోయాడు. అందులో అబద్ధం లేదు. ఎనభైల్లో పోతపోసిన ఆ ఇనుముకి మా అందరి ఆయుష్షు కలిపినా ఢోకా లేదు. ఢోకా అంతా దాని పక్కనున్న కంట్రోలరు బీరువాలో ఉంది. ఆ కంట్రోలరు జ్ఞాపకశక్తి బ్యాటరీల మీద ఆధారపడ్డది. వాటిని మిషన్‌కి కరెంటు ఉండగానే మార్చాలి. పాతవాళ్లు మెయిన్ ఆపేసి, తాళం వేసి వెళ్లిపోయారు. పారామీటర్లన్నీ కాశీకి పోయాయి. ఆన్ చేస్తే ఆకుపచ్చ తెర మీద అలారం నంబరు వెలుగుతుంది, అంతే.

"నువ్వు ఎలక్ట్రానిక్సే కదా చదివావు, మీ అక్క చెప్పింది" అన్నాడు బావ. అక్క చెప్పాక ఇక అప్పీలుండదు. అలా నేను జీతం లేని రెట్రోఫిట్ ఇంజనీరునయ్యాను.

సీఎన్‌సీ లేతుకి ఉన్నది ఒకటే దిగులు: నేనిప్పుడు ఎక్కడున్నాను? స్లైడు ఎంత జరిగిందో క్షణక్షణం ఎవరో ఒకరు చెబుతుండాలి. పాత మోటార్ల వెనక ఆ పని రిజాల్వర్లు చేసేవి. గాజూ లెన్సూ లేని వట్టి రాగి చుట్టలు, నూనె పడ్డా దుమ్ము పడ్డా ఉలకవు. అయితే అవి సైను, కొసైనుల్లో మాట్లాడతాయి. పాత కంట్రోలరు బదులు మేం కొన్న కార్డుకి పల్సులు తప్ప ఇంకేమీ అర్థం కావు. కాబట్టి వాటిని ఊడదీసి ఎన్‌కోడర్లు బిగించాలి. లోపల గాజు బిళ్ల, దాని మీద 2500 గీతలు. ఏ, బీ అని రెండు సిగ్నళ్లు, పావు గీత ఎడంతో. వాటి అంచులన్నీ లెక్కపెడితే చుట్టుకి 10,000. ఒక చుట్టుకి స్క్రూ స్లైడును 5 మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే అంకెకి అర మైక్రాను.

ఈ లెక్కంతా సుద్దముక్కతో గోడమీద వేసి చూపించాను, కాస్త గర్వంగానే. షెడ్డులో అందరికంటే పెద్దాయన, మేమంతా ఉస్తాద్ అని పిలిచే టర్నరు, బీడీ ఆర్పి అడిగాడు: "తిరిగేది మోటరు, లెక్కవెట్టేది మోటరు. మరి టూలు యాడున్నదో గీ గాజుబిళ్లకేం ఎరుక సారూ?"

ఎరుక లేదు. నట్టులో అరుగుదల ఉంటే మోటారు తిరుగుతుంది గాని స్లైడు కదలదు, బిళ్ల మాత్రం జరిగామనే చెబుతుంది. దానికి విరుగుడు స్లైడుకే బిగించే గాజు స్కేలు. దాని ధర వినగానే బావ ఉస్తాద్ భుజం మీద చెయ్యేసి, "మనకి మీరున్నారు కదా" అన్నాడు.

లేతును నడిపే సాఫ్ట్‌వేర్ దగ్గర ఇంకో పేచీ. లినక్స్‌సీఎన్‌సీ అనేది అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో తొంభైల్లో పుట్టింది, ఇవాళ ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. ఊరికే అన్న మాటకి బావ భయపడ్డాడు. రాణిగంజ్‌లో బోల్టుకి కూడా బేరమాడేవాడు, ఇక్కడ బేరమాడేందుకు ఎదుట మనిషే లేడు. "పోనీ కొంచెం తీసుకోమనరాదూ" అన్నాడు.

మోటారుకి మొదటిసారి కరెంటిచ్చే ముహూర్తం వచ్చింది. ఏ, బీ తీగలు తారుమారైతే మోటారు ముందుకెళ్తుంటే ఎన్‌కోడరు వెనక్కెళ్తున్నామని చెబుతుంది. కంట్రోలరు దాన్ని దిద్దబోయి ఇంకా ముందుకు తోస్తుంది. అది ఇంకా వెనక్కి అంటుంది. కాగితంలో తీగల రంగులు రాసే ఉంటాయి, నమ్మినవాడి స్లైడు చక్‌లో ఉంటుంది. అందుకే మోటారును విప్పి, బల్లకి తాడుతో కట్టి మరీ ఇచ్చాం. గుయ్యిమని ఎగిరింది. తాడు పుణ్యాన బల్ల మీదే ఉండిపోయింది. "మా చిన్నల్లుని లెక్కనే ఉన్నది. ఆగుమంటే ఉరుకుతడు" అన్నాడు ఉస్తాద్. సెట్టింగుల్లో ఒక మైనస్ గుర్తు పెడితే మోటారు బుద్ధిగా నిలబడింది. అల్లుడి సంగతి నా చేతిలో లేదు.

మరలు కొయ్యడానికి స్పిండిలుకీ ఒక ఎన్‌కోడరు కావాలి. ఒకే మరను పలుమార్లు కొయ్యాలి, ప్రతిసారీ టూలు అదే కోణంలో దిగాలి, లేకపోతే మర మీద ఇంకో మర పడుతుంది. ఆ కోణం చెప్పేది చుట్టుకి ఒక్కసారే వచ్చే జెడ్ పల్సు. మరలు చక్కగానే వస్తున్నాయి, పక్క షెడ్డువాళ్లు వెల్డింగు మొదలుపెట్టేదాకా. వాళ్ల రాడ్డు చిటపటమంటే మా తెరమీద అంకెలు గంతులేస్తాయి. బావ వెళ్లి వాళ్లతో కయ్యం పెట్టుకొచ్చాడు. నేను కోఠికి వెళ్లి షీల్డు కేబులు పట్టుకొచ్చి, ప్రతి సిగ్నలుకీ దాని తలకిందుల జంటను కలిపి పంపించాను. దార్లో పడే గోల రెండిటి మీదా సమానంగా పడుతుంది. తేడా మాత్రమే చూసే కార్డు దాన్ని లెక్క చెయ్యదు. అంకెలు కుదురుకున్నాయి. కయ్యం మాత్రం అలాగే ఉంది.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఉస్తాద్ పళ్లెంతో వచ్చి, కొత్త సరుకు గనక ముందు ఎన్‌కోడరుకే బొట్టు పెడతానన్నాడు. గాజుబిళ్ల మీద గీతల ఎడం ఎంతో, కుంకుమ రేణువు ఎంతో వివరించబోయాను. అమ్మవారి కుంకుమకి మైక్రాన్లు కడుతున్నానని అక్క కళ్లెర్రజేసింది. చివరికి షాఫ్టు వైపు కాకుండా వెనక మూతకి పెట్టేలా రాజీ కుదిరింది. కర్పూరం మాత్రం దూరం నుంచే చూపించారు.

వేసవిలో మళ్లీ ఉస్తాద్ ప్రశ్నే ఎదురైంది. పొద్దున్న తీసిన బుష్షులు కొలతకి సరిపోతున్నాయి, మధ్యాహ్నం తీసినవి సన్నబడుతున్నాయి. తెర మీద మూడు దశాంశాల దాకా ఒక్క అంకె మారలేదు. మారదు మరి. 200 మిల్లీమీటర్ల ఉక్కు స్క్రూ 15 డిగ్రీలు వేడెక్కితే ముప్పై పైచిలుకు మైక్రాన్లు సాగుతుంది. లేతులో ఎక్స్ అంటే వ్యాసం గనక జాబ్ మీద ఆ తప్పు రెట్టింపు. గాజుబిళ్లకి చుట్లు తెలుసు గాని ఎండ తెలియదు. నేను టెంపరేచర్ సెన్సారు, కాంపెన్సేషన్ టేబులు అంటూ కాగితం తీశాను.

అప్పటికే ఉస్తాద్ గంటగంటకీ మైక్రోమీటరు పట్టుకుని, మానిటరు కింద రేకు మీద సుద్దతో రాసేశాడు: పదింటికి ఇంత, పన్నెండింటికి ఇంత, రెండింటికి ఇంత కలుపు, టీ తాగినంక మల్ల చూడు. ఆ ప్రకారం ఆఫ్‌సెట్ కొడితే బుష్షులు కొలతకొచ్చేశాయి. బావ నా కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సుద్దముక్కల డబ్బా ఒకటి తెప్పించి, ఆ ఖర్చు రెట్రోఫిట్ ఖాతాలో రాశాడు.