విశేషం పిన్నిగారు

విశేషం పిన్నిగారు అమలాపురం, రాజోలు, కొత్తపేట అన్న తేడా లేకుండా కోనసీమంతటా ఉంటారు. వయసు యాభై పైమాట. చుట్టరికం ఎటునుంచో కలుస్తుంది. పెళ్లి భోజనాల్లో ఆవిడ చూపు తన ఆకు మీద నిలవదు, ఎదురు బంతిలోని కొత్త కోడలి మీదే. పిల్ల పనసపొట్టు కూర పక్కకి నెట్టి ఊరగాయ నంజుకుందంటే పక్కావిడని మోచేత్తో పొడుస్తారు. చేతులు కడుక్కునే చోట పట్టుకుంటారు: “ఏమ్మా, ఏవన్నా విశేషవా?”

ఆవిడ లెక్క పెళ్లయిన మూడో నెలకే మొదలవుతుంది. ఆషాఢంలో పిల్ల పుట్టింట్లో ఉన్న నెలా అందులో జమే. మలికిపురం వైపు అల్లుడు కువైట్‌లో ఉండి, రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చి వెళ్లినా రెండేళ్లూ కలిపేస్తారు. డాక్టర్ల లెక్క వేరు: కలిసి కాపురం చేసిన నెలలే లెక్క. ఏ గర్భనిరోధకమూ వాడకుండా 12 నెలలు గడిచినా నెల తప్పకపోతే పరీక్షలకి వెళ్లాలి. భార్యకి 35 దాటితే 6 నెలలు చాలు; 40 దాటితే ఆగనే కూడదు. నెలసరి గతి తప్పినా, ట్యూబుల్లో జబ్బు ఉన్నా అంతే. విడుదలైన అండం ఒక్కరోజుకి మించి ఉండదు, వీర్యకణాలు 5 రోజుల దాకా ఉండగలవు. కనక రెండు మూడు రోజులకోసారి కలిస్తే సరిపోతుంది, పిన్నిగారు పంచాంగం తియ్యనక్కర్లేదు.

వాడపల్లి ఏడు శనివారాలు, బొప్పాయి ముట్టకపోవడం, మెట్లెక్కకపోవడం, ఆవిడ చెప్పే పథ్యాలన్నీ కోడలికే. అబ్బాయిని అడిగేది జీతం మాత్రమే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపూ కారణం ఉంటుంది. 2 నుంచి 7 రోజులు ఆగి ఇచ్చే వీర్యపరీక్ష అన్నిటికన్నా తేలిక. ఆ మాటెత్తితే “మావాడికేం, దుక్కలా ఉన్నాడు” అంటారు, దుక్కతనానికీ దానికీ సంబంధం ఉన్నట్టు.

22 ఏళ్ల పిల్లని తరిమే ఆ నోరే 38 ఏళ్లావిడకి నిదానం బోధిస్తుంది: “తొందరేవిటే? ద్రాక్షారామం దగ్గరావిడకి డెబ్బై దాటాక కవలలు పుట్టలేదూ?” పుట్టారు. నేలపర్తిపాడు మహిళ 2019 సెప్టెంబరులో, గుంటూరులో ఐవీఎఫ్‌తో ఇద్దరు ఆడపిల్లల్ని కన్నారు. అండం మాత్రం దాతది. పైగా 2021 చట్టం ప్రకారం 50 దాటిన స్త్రీకి ఇప్పుడు ఏ కేంద్రంలోనూ ఆ చికిత్స చెయ్యకూడదు. పిన్నిగారి కథ కవలల దగ్గరే ఆగుతుంది.