ఏలినవారి వెబ్‌సైటుకో దండం

ఒకానొక ప్రభుత్వ శాఖలో వెబ్‌సైటు బాధ్యతలు చూసే అధికారి గారికి నమస్కరించి వ్రాయునది.

విషయం: అంధ విద్యార్థులకు ల్యాప్‌టాప్ పథకం - చూపున్నవారికే తెరుచుకుంటున్న దరఖాస్తు గురించి.

ఆర్యా,

ముందుగా కృతజ్ఞతలు. చూపులేని విద్యార్థులకు ల్యాప్‌టాప్ ఇస్తామన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేకుండా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోమన్నారు. మహదానందంతో కాలేజీ లైబ్రరీలో కూర్చుని, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే పేరు, ఊరు, ఆధార్, సదరం సర్టిఫికెట్ నంబరు నింపుకుంటూ వచ్చాను. పుట్టిన తేదీ దగ్గర మీ క్యాలెండరు టైపు చేస్తే ఒప్పుకోలేదు, మౌస్‌తోనే నొక్కాలట. దాన్నీ ఎలాగో దాటాను. ఫారం అడుగున ‘గ్రాఫిక్’ అని వినపడింది. ఆ కింద ఒక ఖాళీ పెట్టె. ‘పై చిత్రంలోని అక్షరాలను టైపు చేయుము.’

ఏ అక్షరాలు సార్?

నూటికి నూరు శాతం అంధత్వం అని ప్రభుత్వ డాక్టరు సంతకం చేసిన సర్టిఫికెట్‌ను జత చెయ్యమన్నదీ మీరే, బొమ్మలో వంకర అక్షరాలు చదవమన్నదీ మీరే. చదివితే నా సర్టిఫికెట్ దొంగదవుతుంది. చదవకపోతే నా దరఖాస్తు చెల్లదు. వినిపించే కాప్చా ఒకటి పక్కన పెట్టాలని ఎవరికీ తోచలేదు. అసలు నా ఫోనుకు ఓటీపీ పంపి, నేనే అని తేల్చుకున్నాక మళ్ళీ ఈ బొమ్మ దేనికండీ? లైబ్రరీ అటెండరును బతిమాలి పిలుచుకొచ్చేలోగా ‘సెషన్ ముగిసింది’ అంది మీ వెబ్‌సైటు. అంతా మళ్ళీ మొదటినుంచి.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తేలిగ్గా చెప్పారు: ‘నెట్ సెంటరుకెళ్ళి చేయించుకోండి’ అని. వెళ్ళాను. వెనక క్యూలో జనం వింటుండగా ఆధార్ నంబరు, బ్యాంకు అకౌంటు నంబరు పైకి చదివి చెప్పాను. ఓటీపీ కూడా చెప్పాను. ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు’ అని ఆ మెసేజ్‌లోనే రాసి పంపుతారు కదా, ఆ మాట మాకు వర్తించదా? ఇంతా చేస్తే సర్వరు డౌను.

మర్యాదగానే రాద్దామనుకున్నాను. నావల్ల కావడం లేదు. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. రూల్స్ 2017లో. ప్రభుత్వమైనా ప్రైవేటైనా రెండేళ్ళలో సేవలన్నీ మాకు అందేలా సరిచేసుకోవాలని ఆ చట్టంలోనే ఉంది. లెక్క మీరే వేసుకోండి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ రూల్సులో అసలైన 15వ రూలునే తప్పుపట్టింది. సలహాల్లా రాసి వదిలేస్తే చాలదు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండి అంది. ఆ కేసులో కోర్టుకు నివేదిక రాసిచ్చింది ఎక్కడో ఢిల్లీవాళ్ళు కాదు, మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళే. బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కళ్ళార్పమంటే, యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పాలి? అదీ సుప్రీందాకా వెళ్ళింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. జీవించే హక్కు అండీ. నేనడిగేది కాప్చాకు ఒక స్పీకరు బటను.

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి మిగతావీ చెప్పేస్తాను. మీ జీవోలు ప్రింటు తీసి, సంతకం పెట్టి, వంకరగా స్కాన్ చేసి ఎక్కిస్తారు. నాకవి ఖాళీ కాగితాలు. స్కాన్ చెయ్యకుండా ఎక్కించినవేమో యూనికోడ్ కాని అను ఫాంటులో ఉంటాయి, చదివిస్తే పూనకం వచ్చినట్టు ఏవేవో ఇంగ్లిషు అక్షరాలు పలుకుతుంది. ‘స్క్రీన్ రీడర్ యాక్సెస్’ అని పైన ఒక లింకు పెట్టారు, నొక్కితే స్క్రీన్ రీడర్లు ఎక్కడ దొరుకుతాయో చెబుతుంది. స్క్రీన్ రీడర్ లేకుండా ఆ లింకుదాకా ఎలా వచ్చాననుకున్నారో! వినపడని మా ఫ్రెండు సందేహం అడగాలంటే మీ దగ్గరున్నది ఫోన్ నంబరొక్కటే. హోం పేజీలో పెద్దల ఫొటోలు వరసగా తిరుగుతుంటాయట, నాకు మాత్రం గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

సార్, గడువు ఈ నెలాఖరే. వెబ్‌సైటు మొత్తం మార్చమనడం లేదు. ఆ కాప్చా ఒక్కటి తీసేయించండి, తేదీ టైపు చేసుకోనివ్వండి, గడువు ఇంకో పదిహేను రోజులు పెంచండి. మా హాస్టల్లో ఈ దరఖాస్తు పెట్టాల్సినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. సెమిస్టరు పరీక్షలు దగ్గరపడ్డాయి. దయచేసి చూడండి.

జవాబు రాసే తీరిక దొరికితే యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. స్కాన్ చెయ్యకండి.

ఇట్లు,
మీ పథకానికి అర్హుడు
(దరఖాస్తు నంబరు: ఇంకా రాలేదు)